మింగిన తుమ్ము

మనవణ్ణి ఎత్తే పని ఇంట్లో నాది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, పొద్దున బడి బండి వస్తే పదహారు మెట్లు కిందకి. నలభై మూడేళ్ళు గోదాములో బస్తాలు మోసినవాణ్ణి. పదేళ్ళ పిల్లవాడు నాకొక బరువా అనుకునేవాణ్ణి. భుజం మీద రెండుసార్లు తడితే వాడు చేతులు నా మెడ చుట్టూ వేసేవాడు. చంకల కిందనుంచి పట్టుకుని, ఛాతీకి అదుముకుని, ఒక్క ఊపున లేపేవాణ్ణి. మాటతో పని ఉండేది కాదు. అసలు నేను మాటల మనిషిని కాను. గోదాములో నా పేరు మూగన్న.

వాడిది కండలు కరిగే జబ్బు. పుట్టుకతో వచ్చింది. దానికి రోజూ ఒక మాత్ర ఉంది. ఆ మాత్ర కండని కొంతకాలం నిలబెడుతుంది కానీ ఎముకని పలచన చేస్తుంది. ఈ సంగతి నా కూతురు ఒకటికి రెండుసార్లు చెప్పింది. విన్నాను. ఎముకంటే కాలిదీ చేతిదీ అనుకున్నాను. పడితేనే విరుగుతుందనుకున్నాను. అందుకని వాణ్ణి పడనివ్వలేదు. నాకు తెలిసిన జాగ్రత్త అంతే.

కూతురు బట్టలు కుట్టే చోట పనిచేస్తుంది. ఎనిమిదింటికి వెళితే చీకటి పడే వేళకి వస్తుంది. అల్లుడు లారీ నడుపుతాడు, పది రోజులకోసారి ఇంట్లో కనపడతాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే, వాడూ నేనూ.

మా కిటికీకి ఎదురుగా వీధికి అవతల నేను పనిచేసిన గోదామే ఉంది. మిరప బస్తాలు వస్తాయి, పోతాయి. కుర్చీలో కూర్చుంటే వాడికి కిటికీ అంచు అడ్డం. నిలబడితేనే వీధి కనపడుతుంది. ఎముకలు గట్టిగా ఉండాలంటే రోజూ కాసేపు కాళ్ళ మీద బరువు పడాలని వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది. అందుకని పొద్దునా సాయంత్రం కిటికీ ఊచలు పట్టుకుని అరగంట నిలబడేవాడు. గోడ పట్టుకుని నలభై అడుగులు నడిచేవాడు కూడా. నడక సంగతి ఎలా ఉన్నా, నిలబడటం మీదే వాడి ప్రాణం. పైనుంచి కేకలేసేవాడు.

"మూడో వరస ఎడమకి ఒరుగుతోంది! చూసుకోండి!"

కిందవాళ్ళు చూస్తే నిజంగానే ఒరిగి ఉండేది. వాళ్ళే వాడికి మేస్త్రీ అని పేరు పెట్టారు. ఇంట్లో కూడా అదే పేరు నిలిచిపోయింది.

ఆ ఏడాది తొలి వాన పడిన రోజు నత్త మా ఇంటికి వచ్చాడు. నత్త నాతోపాటు పనిచేసినవాడు. లారీ మీద నిలబడి మా వీపుల మీదకి బస్తాలు దించడం వాడి పని. ఒక్కో బస్తా దగ్గర తచ్చాడుతూ ఉండేవాడు. అందుకే ఆ పేరు. ఇప్పుడు గోదాము గేటు దగ్గర కాపలా. తడిసిన చొక్కా పిండుకుని టీ గ్లాసు పట్టుకున్నాడు.

"ఏం మేస్త్రీ, మా పని ఎలా ఉంది?"

"పొద్దున రెండో వరస కుంగింది. నువ్వు చూడలేదా, నత్త తాతా?"

"చూశాను. నేను అక్కడికి చేరేలోపు వాళ్ళే సర్దేశారు."

మనవడు పకపకా నవ్వాడు. నత్తకి ఊపొచ్చింది.

"మీ తాత సంగతి తెలుసా నీకు? ఒక వానాకాలం నడుం పట్టేసింది. రెండు నెలలు. ఒక్క రోజు నాగా లేదు. ఒక్కసారి అబ్బా అన్నది లేదు. బస్తా ఎత్తుకోవడం, పోవడం. అలాంటి మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు."

"నిజమా తాతా?"

నేను టీ తాగుతున్నాను.

"నొప్పి లేదా?"

"ఉండకేం. చెబితే ఏమొస్తుంది?" అన్నాను.

ఆ రోజు నేను మాట్లాడిన మాటలు అవే. వాడు నన్ను చూసిన చూపు నాకు బాగుంది. దాచడం దేనికి, చాలా బాగుంది. మా పనిలో నడుం నొప్పన్నవాణ్ణి మర్నాడు పిలిచేవాళ్ళు కాదు. అందుకని దాచేవాళ్ళం. పైకి అది మొనగాడితనంలా కనపడేది.

తరవాత వారాలన్నీ వానే. బడి బండి సగం రోజులు రాలేదు. ఆసుపత్రిలో ఏడాదికోసారి వెన్నుకి తీసే ఫొటో ఆ నెలలోనే ఉందని కూతురు గుర్తుచేసింది. వాన తగ్గాక వెళదామన్నాను. కిటికీ దగ్గర వాడి అరగంట ఇరవై నిమిషాలైంది. ఇరవై పది అయ్యాయి.

"చాలు తాతా."

బద్ధకం అనుకున్నాను. ఒకరోజు ఐదు వేళ్ళు చూపించాను, ఇంకో ఐదు నిమిషాలని. వాడు ఊచలు గట్టిగా పట్టుకుని ఐదు నిమిషాలూ నిలబడ్డాడు. ఆ ఐదు నిమిషాలు నాకు ఇప్పటికీ అరగలేదు.

బయటపడింది తుమ్ముతో.

ఆ మధ్యాహ్నం వాన ఆగి గాలి మా వైపు తిరిగింది. కింద బస్తాలు దించుతున్నారు. మిరప ఘాటు కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేను రెండుసార్లు తుమ్మాను. వాడు కుర్చీలో ఉన్నాడు. వాడికీ తుమ్ము వచ్చింది. రెండు చేతులూ కుర్చీ మీద బిగించాడు, పెదాలు మూశాడు, గడ్డం గొంతుకి ఆనించాడు, తుమ్ముని లోపలే మింగేశాడు. తరవాత నా వైపు చూసి నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఆ చేతులు బిగించడం తెలుసు. మిరప గోదాములో నడుం నొప్పి దాచుకునేవాడు బస్తాకి భయపడడు, తుమ్ముకి భయపడతాడు. తుమ్మితే వెన్నులో కత్తి దిగినట్టుంటుంది, మొహం దాచుకోవడం కుదరదు. నేను ఒక వానాకాలమంతా తుమ్ములు మింగాను. ఇలాగే నవ్వాను.

గదిలో చుట్టూ చూశాను. నేల మీద వాడి పెన్సిలు పడి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. వంగి అందుకోగలిగే దూరమే.

కుర్చీ ముందు కింద కూర్చున్నాను.

"నడుం ఎప్పట్నుంచి?"

"ఏం లేదు."

"మేస్త్రీ. ఎప్పట్నుంచి?"

వాడు కిటికీ వైపు చూశాడు. "వానలు మొదలైనప్పట్నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమొస్తుంది?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నేనన్నట్టే అన్నాడు, అదే గొంతుతో.

కూతురికి కబురు పంపాను. గంటలో పరిగెత్తుకొచ్చింది, మెడలో కొలత టేపు అలాగే ఉంది. వాణ్ణి కిందకి దించాలి. అలవాటుగా వంగి చంకల కింద చేతులు పోనిచ్చాను. వాడు గట్టిగా ఊపిరి పట్టాడు. ఆ ఊపిరి పట్టడం అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో! చేతులు తీసేశాను. కిటికీలోంచి నత్తని కేకేశాను. నా కేక విని కింద పనివాళ్ళందరూ తలెత్తారు, మూగన్న అరిచాడని.

నత్త ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. గాజు పలకలు దించే వెడల్పాటి చెక్క తెచ్చారు. దుప్పటి మడిచి దాని మీద పరిచాం. వాడికి కోపమొచ్చింది.

"నన్ను సామానులా దించుతారా? వాళ్ళకెందుకు చెప్పావు తాతా?"

"సామాను ఇలా పోట్లాడదు కదా," అన్నాడు నత్త. "నువ్వు మేస్త్రీవి. పిలుపు నువ్వే ఇవ్వాలి. లేకపోతే మేం ఎత్తం. ఇక్కడే కూర్చుంటాం. మీ అమ్మ టీ పెడుతుంది."

బస్తాకి పిలుపు ఉండదు. ఎవడి బస్తా వాడిదే. గాజుకీ యంత్రాలకీ మాత్రం ఉంటుంది, పక్క గోదాములకి అవి వస్తే దించేదీ మేమే. నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నాక మేస్త్రీ "ఉందా?" అని అడుగుతాడు. పట్టు కుదిరినవాడు "ఉంది" అనాలి. నాలుగు గొంతులూ వినపడితేనే లేపాలి. ఒక్కడు పలకకపోయినా లేపకూడదు. ఎందుకు పలకలేదని వాణ్ణి ఎవరూ తిట్టరు. అది కట్టుబాటు.

వాణ్ణి వంగనివ్వకుండా దుప్పటితో సహా చెక్క మీదకి జరిపాం. పైకప్పు వంక చూస్తూనే పిలుపిచ్చాడు.

"ఉందా?"

"ఉంది." "ఉంది." "ఉంది."

"తాతా?"

"ఉంది," అన్నాను.

పదహారు మెట్లూ దిగాం. ప్రతి మలుపులోనూ వాడు పిలుపిచ్చాడు.

ఎముకల డాక్టరమ్మ ఫొటోని వెలుగుకి పెట్టి చూపించింది. "వెన్నుపూసలు ఇటుకల్లా నలుచదరంగా ఉండాలి. ఈ రెండూ చూడండి, ముందువైపు అణిగిపోయాయి." నాకు చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. కింది వరసలో మెత్తబడిన బస్తా పై బరువుకి ఇలాగే కూలబడుతుంది.

"పడ్డాడా ఎక్కడైనా?"

"పడలేదండీ. పడనివ్వలేదు."

"ఈ పిల్లలకి పడనక్కర్లేదు పెద్దాయనా. ఎముక పలచబడ్డాక వంగినా, దగ్గినా అణుగుతుంది. కొందరికి నొప్పి కూడా తెలియదు. వీడికి తెలిసింది. కానీ చెప్పలేదు."

నా కూతురు లేచి నిలబడింది. "అంతా ఆ మాత్ర వల్లేగా. ఇవాళ్టినుంచి ఇవ్వను."

"ఒక్క పూట కూడా ఆపొద్దమ్మా," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు కానీ చేతిలో కలం కింద పెట్టింది. "ఇన్నేళ్ళు వాడినది ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదకి వస్తుంది. వాడి గుండే ఊపిరీ కూడా దాని ఆసరాతోనే నడుస్తున్నాయి. మోతాదు సంగతి కండరాల డాక్టరుగారూ నేనూ మాట్లాడుకుంటాం. ఎముకకి వేరే మందు ఉంది. సెలైన్‌తో ఎక్కిస్తాం, కొన్ని నెలలకోసారి. ముందు రక్తం చూడాలి, పళ్ళు చూపించాలి. మొదటిసారి జ్వరం రావచ్చు, కంగారు పడకండి."

నేను జీవితంలో ఏ డాక్టరునీ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"నేను ఎత్తడం వల్ల అయిందా?"

ఆమె నా చేతుల వైపు చూసింది. "కావచ్చు, కాకపోవచ్చు. అది ఎవరూ చెప్పలేరు. ఇకమీదట ఎలా ఎత్తాలో మాత్రం చెప్పగలను. చంకల కింద పట్టి లేపొద్దు. వీపు, తొడల కింద గుడ్డ జోలెలా వేసి ఇద్దరు పట్టుకోవాలి. కుర్చీకి బెల్టు ఉందా?"

ఉంది. ఇంట్లో తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. బెల్టు కట్టేది సరుక్కి, మనిషికి కాదని నేనే తీసేశాను. ఆ సంగతి కూడా చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక మాటలు వాటంతటవే వచ్చాయి.

"కట్టండి. కుర్చీలోంచి జారితే తొడ ఎముక విరుగుతుంది," అని, వాడి వైపు తిరిగింది. "ఏడాదికోసారి ఫొటో మేం తీస్తాం. ఆ మధ్యలో నువ్వే చెప్పాలి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేను. రోజూ ఒక అంకె. సరేనా?"

"నేను మళ్ళీ నిలబడతానా?" అన్నాడు వాడు.

"నడక గురించి మాటివ్వలేను. నిలబడటం కోసం మాత్రం గట్టిగా ప్రయత్నిద్దాం. నువ్వు అంకె దాచకపోతే."

వాడు నా వైపు చూశాడు, నేను ఏమంటానోనని.

"దాచడు," అన్నాను.

మర్నాటి పొద్దున వాడి మంచం పక్కన నిలబడ్డాను. అడగాలి. నోరు తెరిచాను.

"నడుం..."

"తాతా, మాట మధ్యలో ఆగిపోయింది. నెట్టమంటావా?"

"నడుం ఎలా ఉందిరా?"

"ఏడు."

అలా మొదలైంది. పొద్దున అడిగేవాణ్ణి, మధ్యాహ్నం అడిగేవాణ్ణి, సాయంత్రం అడిగేవాణ్ణి. నా కూతురు గోడ మీద కాలెండరులో అంకెలు రాసేది. ఏడు, ఏడు, ఆరు, ఏడు. ఎత్తాల్సి వచ్చినప్పుడల్లా జోలె పరిచేవాళ్ళం, వాడు పిలుపిచ్చేవాడు. ఇంట్లో అది చట్టమైంది. "ఉందా?" అని వాడు, "ఉంది" అని నేను, "ఉంది" అని నా కూతురు. ఆమె పనికి వెళ్ళాక నత్త వచ్చేవాడు. గేటు నుంచి మా గది దాకా రావడానికి వాడికి పట్టే సమయాన్ని బట్టి మనవడి స్నానం వేళ ముందుగానే నిర్ణయించాల్సి వచ్చేది.

మందు ఎక్కించిన రోజు జ్వరం వచ్చింది. ఒళ్ళంతా నొప్పులు. రెండు రోజులు అంకె తొమ్మిదికి పోయింది. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఓర్చుకున్నాం. నాలుగో రోజు ఐదు. పాలు, గుడ్డు, ఎముకల మాత్ర, వారానికో చుక్కల మందు. వాన తెరిపిచ్చినప్పుడు జోలెతో మేడ మీద ఎండలోకి. నా కూతురు ఒకరోజు కూడా ఏదీ తప్పనివ్వలేదు. ఆమె పట్టుదల నాది కాదు, వాళ్ళమ్మది.

ఐదు, నాలుగు, ఐదు, మూడు. రెండు.

రెండు వచ్చిన వారం వ్యాయామం చేయించే అమ్మాయి నిలబెట్టే చట్రం తెచ్చింది. మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర, ఛాతీ దగ్గర పట్టీలు. కిటికీకి ఎదురుగా పెట్టించాడు. గోడ వైపు పెట్టబోతే ఒప్పుకోలేదు.

"మొదటి రోజు నాలుగైదు నిమిషాలే," అంది ఆమె. "రేపు పొద్దున్నే నిలబెట్టండి. నొప్పి పెరిగితే దించేయండి."

ఆ రేపు పొద్దున నేను లేవలేకపోయాను. నా నడుమే. వానాకాలానికి అది మామూలే. గోడ పట్టుకుని లేచాను, మొహం కడుక్కున్నాను, ఎవరికీ తెలియలేదు. నా కూతురు జోలె పరిచింది. అటువైపు ఆమె పట్టుకుంది, ఇటువైపు నేను. వాడు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. కింద లారీ వచ్చి ఆగిన చప్పుడైంది.

"ఉందా?"

"ఉంది," అంది నా కూతురు.

నోరు తెరిచాను. ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో! నొప్పితో కూడా అన్నాను. పట్టు లేకపోయినా అన్నాను. ఆ పొద్దున రాలేదు.

ఎవరూ లేపలేదు.

"తాతా?"

"నడుం," అన్నాను.

"ఎంత?"

"ఏడు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

నా కూతురు జోలె వదిలేసి నన్ను చూసింది. "నాన్నా!" అంది. తిట్టబోయి ఆగింది. వాడు మాత్రం తడుముకోలేదు.

"అమ్మా, నత్త తాతని పిలువు. గట్టిగా చెప్పు, తాతకి నడుం నొప్పని."

ఆమె కిటికీలోంచి అలాగే చెప్పింది, వీధి వీధంతా వినపడేలా. కింద బస్తాల చప్పుడు ఆగింది. నేను నేల వంక చూశాను. కిందనుంచి నత్త గొంతు వచ్చింది.

"ఆ సంగతి మాకు ముప్పై ఏళ్ళ కిందే తెలుసు! వస్తున్నా ఉండండి!"

వచ్చాడు. తీరిగ్గానే వచ్చాడు. నా చేతిలో జోలె తీసుకుని ఇటువైపు నిలబడ్డాడు.

"అప్పుడే తెలుసా?" అన్నాను.

"తెలియకపోతే? లారీ మీద నిలబడి ఏరింది ఎవరనుకున్నావు? ఆ రెండు నెలలూ నీ వంతు వచ్చినప్పుడల్లా తేలిక బస్తా ఏది దొరుకుతుందా అని ఒక్కోదాన్నీ కదిపి కదిపి చూసేవాణ్ణి. వెనకున్నవాళ్ళు తిట్టేవాళ్ళు. నత్త అని పేరు పెట్టింది అప్పుడే."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు చెబితే కదా నేను చెప్పేది!"

మనవడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరి కబుర్లు అయిపోతే నేను నిలబడాలి," అన్నాడు.

"ఉందా?"

"ఉంది." "ఉంది."

లేపారు. నిదానంగా, వెన్ను వంగకుండా చట్రంలో నిలబెట్టారు. నా కూతురు పట్టీలు ఒక్కొక్కటీ బిగించి, ప్రతిదానికీ "సరిపోయిందా?" అని అడిగింది. కింద గోదాము దగ్గర ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "మేస్త్రీ వచ్చాడురోయ్!" అని అరిచారు.

"తాతా, నువ్వు కూర్చో," అన్నాడు వాడు తల తిప్పకుండా.

గదిలో ఉన్న కుర్చీ వాడిదే. దాంట్లో కూర్చున్నాను. అక్కడినుంచి నాకు వీధి కనపడలేదు. కిటికీ అంచు అడ్డం. పైన కాస్త ఆకాశం, మధ్యలో పట్టీల కింద వాడి వీపు, అంతే కనపడింది. ఏం జరుగుతోందో వాడే చెప్పాడు. లారీ పచ్చరంగుది. తాడు విప్పుతున్నారు. కొత్తవాడొకడు బస్తా వంకరగా ఎత్తుకుంటున్నాడు.

"మోకాళ్ళు వంచి ఎత్తుకో!" అని అరిచాడు. "వంచాడు తాతా."

ఆ ఏడాది వాడి నడక తిరిగి పూర్తిగా రాలేదు. నలభై అడుగులు పదకొండయ్యాయి. పదకొండు పోకుండా చూసుకుంటున్నాం. ఆ పొద్దున మాత్రం లెక్క అది కాదు. ఆరో నిమిషంలో వాడు చెప్పడం ఆపాడు. కింద వాళ్ళందరూ ఇంకా పైకే చూస్తున్నారని నత్త అన్నాడు. నేను కుర్చీ చేతులు పట్టుకుని ఎదురుచూశాను.

"నాలుగు," అన్నాడు వాడు, అందరికీ వినపడేలా. "దించండి."